ఎక్స్‌రేకు అందని పగులు: ఒక పాత కథ

పోలీసు ఉద్యోగాల శారీరక పరీక్షల్లో పురుష అభ్యర్థులకు 1600 మీటర్ల పరుగు ఉంటుంది. నోటిఫికేషన్ రాగానే, అంతవరకు పుస్తకాల ముందు కూర్చున్న కుర్రాళ్లు ఒక్కసారిగా తారు రోడ్డెక్కుతారు. కొన్ని వారాలకు కొందరికి మోకాలి కింద, ముందు ఎముక మీద ఒకేచోట నొప్పి మొదలవుతుంది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. ధైర్యం తెచ్చుకుని మళ్లీ పరుగెడతారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

1855లో బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా (నాటి జర్మన్ రాజ్యం) సైనిక వైద్యుడు, కవాతు చేసే సైనికుల పాదాలు వాచి బాధపెట్టడం గురించి రాశాడు. కారణమేమిటో చర్మం లోపలికి చూసే వీలు అప్పట్లో లేదు. రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్న రెండేళ్లకు, 1897లో, ఆ పాదాల్లో ఉన్నవి ఎముకల పగుళ్లేనని తేలింది. ఎవరూ కిందపడలేదు, దెబ్బా తగల్లేదు. నడకే విరగ్గొట్టింది.

అయితే బరువు పడితే ఎముక బలపడుతుందని అప్పటికే జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో చెప్పి ఉన్నాడు. అదీ నిజమే. టెన్నిస్ క్రీడాకారుల మీద 1977లో వెలువడిన ఎక్స్‌రే అధ్యయనంలో, రాకెట్ పట్టే చేతి ఎముక గోడ రెండో చేతి కంటే దాదాపు మూడో వంతు మందంగా ఉంది.

ఈ రెండు నిజాలను కలిపేది కాలం. ఒత్తిడికి అలసిన ఎముకను శరీరం ముందు తొలిచేసి, తర్వాతే కొత్తది పోస్తుంది. తొలవడానికి వారాలు చాలు, పూడ్చడానికి నెలలు కావాలి. పాత ఇంటికి మరమ్మతు చేసేటప్పుడు గోడ కొంతకాలం బలహీనంగా ఉన్నట్టే, ఎముక కూడా ఆ మధ్యకాలంలో బలహీనపడుతుంది. సరిగ్గా అప్పుడే మనవాళ్లు పరుగు పెంచుతారు. పోనీ, ఎక్కువ పరుగెడితే ఎముక ఎక్కువ గట్టిపడుతుందా? 1984లో పక్షుల రెక్క ఎముక మీద చేసిన ప్రయోగంలో, రోజుకు 36 సార్లు ఒత్తిడి పెడితే వచ్చిన పెరుగుదల కంటే 1800 సార్లు పెట్టినా ఎక్కువ రాలేదు. ఈ ఫలితం ప్రతి శిక్షకుడికీ తెలియాలని నా కోరిక.

ఎక్స్‌రే చూపేది ఎక్కువగా ఎముకలోని సున్నపు (కాల్షియం) గట్టిదనాన్ని. మానే క్రమంలో ఎముక పైపొర కింద కొత్త ఎముక తెల్లగా కనబడటానికి సాధారణంగా రెండు, మూడు వారాలు పడుతుంది. ఎమ్మారై మాత్రం మూలుగలో చేరిన నీటిని బట్టి, పగులు గీత ఏర్పడకముందే హెచ్చరిస్తుంది. అది తీయించుకునే స్తోమత లేనివారు నొప్పి తగ్గేదాకా పరుగు ఆపి, రెండు, మూడు వారాల తర్వాత మరోసారి ఎక్స్‌రే తీయించుకోవాలి. నొప్పి గజ్జల్లో ఉంటే మాత్రం అన్నాళ్లు ఆగకూడదు: తొడ ఎముక ‘మెడ’లో, అంటే తుంటి దగ్గరి సన్నని భాగంలో, వచ్చిన పగులు పూర్తిగా విరిగి జారితే తుంటి కీలుకే ముప్పు.