బాలింత ఫిట్స్, ‘ప్రెస్’ వివాదం: అసలు తకరారు ఎమ్మారైకి ముందు గంటల మీదే

కాన్పయిన రెండో రోజో మూడో రోజో బాలింతకు ఫిట్స్ వస్తాయి. పొద్దుట్నుంచీ తలనొప్పి అంటూనే ఉంటుంది, కళ్లు మసకబారుతున్నాయనీ చెబుతుంది. ఆ తర్వాత జరిగేది పేపరు చదివేవాళ్లందరికీ తెలిసిందే. ఇంజెక్షన్ వికటించిందని బంధువులు ఆస్పత్రి ముందు బైఠాయిస్తారు. యాజమాన్యం ఎమ్మారై రిపోర్టు పట్టుకుని ‘ఇది ప్రెస్, మా తప్పేమీ లేదు, రెండు వారాల్లో తగ్గిపోతుంది’ అంటుంది. ప్రెస్ అంటే పోస్టీరియర్ రివర్సిబుల్ ఎన్‌సెఫలోపతి సిండ్రోమ్, మెదడు వెనక భాగాన నీరు చేరే జబ్బు. ఆ పేరు ఒక్కసారైనా వినని జనానికి అది సాకులాగే వినిపిస్తుంది. ఇలాంటి గొడవ రేగినప్పుడల్లా అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఇది నిజంగా జబ్బేనా, నిర్లక్ష్యానికి పెట్టిన పేరా?

జబ్బే. అందులో సందేహం లేదు. బీపీ ఉన్నట్టుండి ఎగబాకితే మెదడు చిత్తడవుతుందని దాదాపు వందేళ్లుగా వైద్యులకు తెలుసు. ఆ పాత చరిత్ర జోలికి ఇక్కడ పోనక్కర్లేదు. ఇవాళ్టి తకరారంతా 1996 ఫిబ్రవరిలో మొదలైంది.

బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ మెడికల్ సెంటర్, పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆస్పత్రి వైద్యులు కొందరు తమ స్కానింగ్ విభాగాల పాత రిజిస్టర్లు తిరగేశారు. జూడీ హించీ, లూయిస్ కాప్లాన్ తదితరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన ఆ వ్యాసంలో ఉన్నది 15 మంది రోగులే. తలనొప్పి, వాంతులు, మతి తప్పడం, ఫిట్స్, చూపు పోవడం. స్కానులో మెదడు వెనక భాగాన, అంటే చూపుకు సంబంధించిన చోట, రెండు వైపులా నీరు. ఏడుగురు రోగనిరోధక శక్తిని అణిచే మందుల మీద ఉన్నవాళ్లు. వాళ్లలో అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లున్నారు. వాళ్లు కాక మరొకరికి క్యాన్సర్‌కు ఇంటర్‌ఫెరాన్ అనే మందు ఇస్తున్నారు. ముగ్గురు గుర్రపువాతం (ఎక్లాంప్సియా, అంటే బీపీ పెరిగి గర్భిణికో బాలింతకో ఫిట్స్ రావడం) వచ్చిన స్త్రీలు. మిగతా నలుగురు కిడ్నీ జబ్బుతో బీపీ పెరిగినవాళ్లు. మొత్తం 15 మందిలో 12 మందికి బీపీ హఠాత్తుగా పెరిగింది.

ఆ జాబితాను ఒక్కసారి నిదానంగా చూడండి. సగానికి పైగా మందికి మందులతోనే ముడి ఉంది. వైద్యం జరుగుతుండగా, వైద్యుల కళ్ల ముందు వచ్చే జబ్బు ఇది. మందు చేసిందని బంధువులు అనడంలోనూ కొంత నిజం ఉంది, తెలిసిన దుష్ఫలితమేనని డాక్టర్లు అనడంలోనూ కొంత నిజం ఉంది. ఆ తర్వాత కూడా జాబితాలో మందులు చేరుతూనే వచ్చాయి. 2006లో క్యాన్సర్ మందు బెవాసిజుమాబ్ చేరింది. కిడ్నీ మార్పిడి రోగులు రోజూ మింగే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మొదట్నుంచీ ఉన్నవే.

అయితే ఆ వ్యాసంలోంచి ఆస్పత్రుల నోట మిగిలింది ఒక్క ముక్క: ‘అందరికీ రెండు వారాల్లో తగ్గింది’. తగ్గిన మాట వాస్తవం. కానీ ఎలా తగ్గింది? బీపీకి మందులిచ్చి దించారు. అనుమానం ఉన్న మందు ఆపారు, లేదా మోతాదు కోశారు. ఈ చికిత్స ముక్కను ప్రెస్‌మీట్లలో ఎవరూ చదవరు. ఆలస్యమైతే నీరు చేరడంతో ఆగదు. రక్తస్రావం కావచ్చు, మెదడు కణజాలం చచ్చిపోవచ్చు. ప్రాణం పోయిన కేసులూ, చూపు పూర్తిగా తిరిగిరాని కేసులూ వైద్య పత్రికల్లో ఉన్నాయి.

డాక్టర్ల వాదనకు అసలైన బలం 2008లో వచ్చింది. వాల్టర్ బార్టిన్‌స్కీ అనే రేడియాలజిస్టు అప్పటిదాకా వచ్చిన కేసుల్ని సమీక్షిస్తూ, 20 నుంచి 30 శాతం రోగుల్లో బీపీ మామూలుగానే ఉంటుంది, లేదా పెద్దగా పెరగదని రాశారు. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిన్నా నీరు కారుతుందన్నది ఆ వాదం. ‘బీపీ నార్మలే ఉంది, మేం ముందే ఎలా పసిగడతాం?’ అనే మాటకు మూలం ఇదే. సరైన మాటే, కొందరి విషయంలో. బాలింతల దగ్గరికొచ్చేసరికి దీన్ని అంత తేలిగ్గా వాడుకోకూడదు. అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో గుర్రపువాతం వచ్చి మెదడు స్కాన్ తీయించుకున్న 47 మందిని పరిశీలిస్తే 46 మందిలో ప్రెస్ కనిపించిందని 2013లో ప్రచురించారు. అంటే కాన్పు వార్డులో ప్రెస్ అరుదైన వింత కాదు, గుర్రపువాతానికి మెదడులో కనిపించే రూపమే. గుర్రపువాతాన్ని కనిపెట్టుకుని ఉండాలని ఏ నర్సింగ్ విద్యార్థినికైనా చెబుతారు.

మరి ఎక్కడ తప్పిపోతోంది? మొదటి అనుమానం తలనొప్పి మీదే. తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పింది. సిజేరియన్లలో ఎక్కువ భాగానికి వెన్నులో మత్తు సూది ఇస్తారు. దాంతో తలనొప్పి అని బాలింత అనగానే ‘వెన్ను ఇంజెక్షన్‌ది, నీళ్లు బాగా తాగు, పడుకో’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ తలనొప్పి లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే దిగుతుంది. పడుకున్నా దిగకపోతే, కళ్ల ముందు మెరుపులో మసకలో ఉంటే బీపీ పట్టీ కట్టి చూడాలి. రెండు నిమిషాల పని. రక్తస్రావం ఆగడానికి ఇచ్చే మెథర్జిన్ బీపీని పెంచుతుంది. బీపీ ఉన్న తల్లికి అది ఇవ్వకూడదు. ఆ సూది వేసేముందు బీపీ చూశారా లేదా అన్నది ఏ విచారణలోనైనా ముందు అడగాల్సిన ప్రశ్న.

మందు లేకనా అంటే, అదీ కాదు. గుర్రపువాతపు ఫిట్స్‌ను ఆపే, రాకుండా చూసే మెగ్నీషియం సల్ఫేట్ చవకైనది. దాని పనితనం 1995లో ఒకసారి, పదివేల మందికి పైగా గర్భిణులతో 2002లో వెలువడిన మాగ్‌పై పరిశీలనలో మరోసారి రుజువైంది. ఫిట్స్ ముప్పు 58 శాతం తగ్గింది. రెండింటిలోనూ మన దేశపు ఆస్పత్రులు పాల్గొన్నాయి.

రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒకే నర్సు ఉంటే గంటగంటకూ బీపీ ఎవరు చూస్తారని డాక్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, కానీ అడగాల్సింది యాజమాన్యాన్ని. కాన్పుకు ముందు బీపీ ఉన్నవాళ్లకు కనీసం 72 గంటలు కనిపెట్టుకుని ఉండాలనీ, 7 నుంచి 10 రోజుల్లో మళ్లీ చూడాలనీ అమెరికన్ ప్రసూతి వైద్యుల సంఘం ఎప్పటినుంచో చెబుతోంది. మన దగ్గర మామూలు కాన్పయితే ఆలోపే ఇంటికి పంపేయడం, తర్వాతి చూపు టీకాల రోజుకు పడిపోవడం చాలాచోట్ల కనబడేదే. ఇంటికెళ్లాక ఫిట్స్ వస్తే గాలి సోకిందని దిష్టి తీసేవాళ్లూ ఉన్నారు.

ఇక కేసుల సంగతి. గొడవ రేగినప్పుడల్లా క్రిమినల్ కేసు పెట్టాలన్న డిమాండ్ వినిపిస్తుంది. ఘోరమైన నిర్లక్ష్యం రుజువైతే తప్ప డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవదని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో తేల్చింది. వినియోగదారుల కమిషన్ దారి వేరు. అక్కడ ప్రతి కేసుకూ నిపుణుల సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో తీర్పొచ్చింది హైదరాబాద్‌కు చెందిన వి.కిషన్‌రావు కేసులోనే. ఆ దారిలో వెళ్లాలన్నా చేతిలో ఉండాల్సింది కేస్ షీటు. ఎమ్మారై ఫిల్ము జబ్బు పేరు చెబుతుందే గానీ, తలనొప్పి మొదలైన పొద్దుటికీ ఫిట్స్ వచ్చిన సాయంత్రానికీ నడుమ బీపీ ఎన్నిసార్లు చూశారో, ఎంత ఉందో, మెగ్నీషియం ఎప్పుడు మొదలుపెట్టారో చెప్పదు. అవి నర్సుల చార్టులో ఉంటాయి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలనీ, చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలనీ మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతున్నాయి. అడిగేటప్పుడు డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా నర్సింగ్ చార్టు, మందుల చార్టు రెండూ కావాలని రాతపూర్వకంగా అడగాలి, రసీదు తీసుకోవాలి.