ఎమ్మెల్యే ఎన్నికలు: జనం అనుకునేది, మా కాగితాల్లో ఉండేది

నామినేషన్ దగ్గర్నుంచి లెక్కింపు దాకా అభ్యర్థుల కాగితాలు చూసుకోవడం నా పని. ఎలక్షన్ ఏజెంటుగా చేశాను, కౌంటింగ్ టేబుల్ ముందు కూర్చున్నాను. మైకు మాత్రం ఎప్పుడూ పట్టుకోలేదు. ప్రతి ఎన్నికకీ అవే మాటలు చెవిన పడుతుంటాయి. వాటిలో కొన్నిటి సంగతి చెబుతాను.

అపోహ: టికెట్ వచ్చిందంటే సగం గెలిచినట్టే.

టికెట్ అంటే టీవీలో చదివే జాబితా కాదు, బీ-ఫారం, అంటే ఫలానావాడే మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే కాగితం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా అది సిరా సంతకంతో ఆ నియోజకవర్గం ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారికి (ఆర్వో) చేరాలి. జిరాక్స్ చెల్లదు, రబ్బరు స్టాంపు సంతకమూ చెల్లదు. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. స్వతంత్రుడికి పదిమంది కావాలి, ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి.

ఓసారి ఒక స్వతంత్రుడు చివరి రోజు రెండున్నరకి పరుగెత్తుకొచ్చి నామినేషన్ వేశాడు. మర్నాడు స్క్రూటినీలో, అంటే నామినేషన్ల పరిశీలనలో, పదో ప్రతిపాదకురాలి పేరు దగ్గర ఆర్వో వేలు ఆగింది. ఆ అమ్మాయికి పెళ్లయింది, ఓటు అత్తారింటికి మారింది. అత్తారిల్లు పక్క నియోజకవర్గంలో. మిగిలింది తొమ్మిది మంది, నామినేషన్ తిరస్కరణ. ఒక్కో అభ్యర్థి నామినేషన్ పత్రాలు నాలుగు సెట్ల దాకా వెయ్యొచ్చని ముందే చెప్పాను. ‘ఒకటి చాల్లే అన్నా’ అన్నాడు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పట్నుంచీ ప్రతిపాదకుల పేర్లు తాజా ఓటర్ల జాబితాలో నేనే వెతుక్కుంటున్నాను.

అపోహ: అక్కడ ఓటున్నవాడే అక్కడ పోటీ చెయ్యాలి.

రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా చాలు, పాతికేళ్లు నిండాలి. చదువు అర్హతేమీ లేదు. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడు చోట్లా గెలిచారు కదా అని గుర్తుచేస్తుంటారు. 1996లో చట్టం మారింది, ఇప్పుడు రెండు చోట్లకి మించి కుదరదు.

అపోహ: ఖర్చు లెక్కలు ఎవడు చూస్తాడు!

మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి పరిమితి 2022 నుంచి 40 లక్షలు. నిజంగా అంతలో అయిపోతుందా అని నన్నడక్కండి, నేను లెక్క రాసేవాణ్ణి. ప్రచారానికొచ్చే అధినేత ప్రయాణ ఖర్చు పార్టీది. కానీ ఆ వేదిక అభ్యర్థి కూడా ఎక్కాడంటే సభ ఖర్చులో వాటా అభ్యర్థి ఖాతాలో పడుతుంది. అందుకే ఎవరు మెట్లెక్కారో మావాళ్లు ఫొటోలు చూసి మరీ రాసుకుంటారు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి, ఓడినవాళ్లూ ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్ల దాకా అనర్హత పడొచ్చు. గెలిచినవాడు పూలదండల మధ్య సంతకం పెడతాడు, ఓడినవాడైతే ఫోనే ఎత్తడు. ఆ నెలంతా మాకు వాళ్ల ఇళ్ల చుట్టూ తిరుగుడే.

అపోహ: జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి సెక్షన్ 49ఏ కింద ‘చాలెంజ్ ఓటు’ వెయ్యొచ్చు. టెండర్డ్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్.

పోలింగ్‌కి ముందురోజు వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ ఇది. మొదటి ముక్కా అబద్ధమే, రెండోదీ అబద్ధమే. 49ఏ అనే నిబంధన ఉంది, కాకపోతే అది ఓటింగ్ యంత్రం ఎలా ఉండాలో చెప్పేది. చాలెంజ్ చేసేది ఓటరు కాదు, బూత్‌లో అభ్యర్థి తరఫున కూర్చునే పోలింగ్ ఏజెంటు. ‘ఈయన ఆయన కాదు’ అని 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్తాడు. జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు, అంతే.

మీ పేరు మీద ఎవరో ముందే ఓటేసి వెళ్లిపోయుంటే అప్పుడు అడగాల్సింది టెండర్డ్ ఓటు. మీరే ఆ ఓటరని బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారికి నమ్మకం కుదిరితే పేపరు బ్యాలెట్ ఇస్తారు, ముద్ర వేశాక కవర్లో పెడతారు. లెక్కింపు రోజు ఆ కవరు విప్పరు. విప్పాలంటే కోర్టు చెప్పాలి. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సి.పి.జోషి ఒక్క ఓటుతో ఓడిపోయినప్పుడు ఈ టెండర్డ్ ఓట్ల గొడవే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 14 శాతం అన్న అంకె ఎక్కణ్ణుంచి ఊడిపడిందో గానీ ఏ నిబంధనలోనూ లేదు.

అపోహ: నోటాకి (‘పైవాళ్లెవరూ వద్దు’ అనే మీటకి) ఎక్కువ వస్తే ఎన్నిక రద్దు.

కాదు. తర్వాత ఎక్కువ వచ్చినవాడే ఎమ్మెల్యే. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి కదా, ఆ లెక్కలోకీ నోటా రాదు.

అపోహ: రాజీనామా చేశాడంటే మాజీ అయిపోయినట్టే.

పార్టీ అధ్యక్షుడి చేతిలో పెట్టింది రాజీనామా కాదు. అది స్పీకర్‌కి అందాలి, ఆయన ఆమోదించాలి. పేపర్లలో ‘స్పీకర్ ఫార్మాట్‌లో’ అని రాసేది అందుకే. పార్టీ సస్పెండ్ చేసినంత మాత్రాన కూడా సీటు పోదు. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో రాజీనామా ఇస్తే, ఆమోదం పడింది 2024 జనవరిలో. అంతవరకూ ఆయన ఎమ్మెల్యేనే. సభ గడువు అప్పటికి ఏడాది కూడా మిగల్లేదు కాబట్టి ఉప ఎన్నికా రాలేదు. ఆ మేలో భీమిలి నుంచి పోటీ చేసి ఆయన మళ్లీ గెలిచారు.