మధురవాణి పెళ్లి: ఏడో అంకంలో వదిలేసిన మాట

నెల్లూరులో మధురవాణి పెళ్లి మాట మళ్లీ లేచింది. గురజాడ నాటకం కన్యాశుల్కాన్ని రెండు గంటలకు కుదించి ఆడుతున్న ఒక స్థానిక బృందం ఇటీవలి ప్రదర్శనలో చివర ఒక చిన్న ఘట్టం చేర్చింది. సంస్కర్త అయిన వకీలు సౌజన్యారావు పంతులు వేశ్య మధురవాణికి భగవద్గీత ఇస్తాడు, ఆమె దాన్ని కళ్లకద్దుకుంటుంది, లోపలి నుంచి సన్నాయి మోగుతుంది, పంతులు ఆమె మెడలో పూలదండ వేస్తాడు. తెర పడుతుంది. చప్పట్లు బాగానే పడ్డాయి. మరునాటి నుంచి ఇటు నెల్లూరు, కావలి, అటు ఒంగోలు దాకా నాటకాల వాళ్లు ఎక్కడ నలుగురు కలిసినా ఇదే వాదులాట. మధురవాణికి పెళ్లి చేయవచ్చా, చేయకూడదా?

కథ రెండు ముక్కల్లో ఇది. అగ్నిహోత్రావధాన్లు డబ్బు తీసుకుని చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వబోతే, ఆ పెళ్లి ఆపడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ముసలాయనకు కట్టబెడతాడు. విధవ అయిన పెద్ద కూతురు బుచ్చమ్మను మాటకారి గిరీశం లేవదీసుకుపోతాడు. ఈ గొడవకు మూలం 1892లో విజయనగరంలో ఆడిన తొలి ప్రదర్శనలో లేదు, 1897లో అచ్చయిన మొదటి కూర్పులోనూ లేదు. ఆ కూర్పులో మధురవాణిది చిన్న పాత్ర. గురజాడ అప్పారావు నాటకాన్ని దాదాపు కొత్తగా రాసి 1909లో రెండవ కూర్పు వేశారు. మనం ప్రేమించే మధురవాణి ఆ కూర్పులో పుట్టింది. తనను ఉంచుకున్న రామప్పంతులును ముక్కుతాడు వేసి ఆడించేది, కరటకశాస్త్రి ఎత్తుకు ఊపిరి పోసేది, కంటె అనే మెడ నగ పేరు చెప్పి ఊరి పెద్దమనుషుల గుట్టు లాగేది ఈ రెండో మధురవాణే.

తొలి ప్రదర్శనకు, మొదటి కూర్పు అచ్చుకు మధ్య దేశంలో జరిగిన ఒక సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1893లో మద్రాసులోని హిందూ సంఘ సంస్కర్తలు వేశ్యలు ఆడిపాడే భోగం మేళాలకు హాజరు కావద్దని కోరుతూ వైస్రాయికి, మద్రాసు గవర్నరుకు మహజరు (విన్నపం) పంపారు. వేశ్య ముఖం చూడనని ప్రతిన పట్టడం చదువుకున్న పెద్దమనిషి లక్షణంగా మారింది. సౌజన్యారావు పంతులు ఆ కాలపు మనిషి. మంచివాడు, నిజాయితీపరుడు, వేశ్యల విషయంలో మాత్రం గుండె తలుపు వేసుకున్నవాడు. ఆ తలుపు ముందుకు మధురవాణిని తెచ్చి నిలబెట్టడానికే గురజాడ ఏడో అంకం చివరి స్థలం రాశారని నా నమ్మకం.

ఆ స్థలంలో జరిగేది ఒకసారి నెమ్మదిగా చూద్దాం. విశాఖపట్నం, రాత్రి, సౌజన్యారావు ఇల్లు. లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు నడుస్తోంది. చనిపోయిందని చెబుతున్న పెళ్లికూతురు అసలు ఆడపిల్లే కాదు, కరటకశాస్త్రి శిష్యుడు. ఆ రహస్యం తెలిసిన మధురవాణి మగవేషంలో వస్తుంది. కేసు నుంచి ఒక నిర్దోషిని బయట పడేసే మాట తన దగ్గర ఉంది, దానికి వెల ఉంది అంటుంది. బేరం సాగి సాగి చివరికి ఒక ముద్దు దగ్గర ఆగుతుంది. వేశ్యను తాకననుకున్న మనిషి, ఇంకొకరి ప్రాణం కోసం తన నియమాన్ని పక్కన పెట్టడానికి ఒప్పుకుంటాడు. ఆమె వేషం విప్పి ఎదుట నిలుస్తుంది. ఆయన మాట నిలబెట్టుకోబోతాడు.

అప్పుడు ఆపేది మధురవాణి. చెడనివారిని చెడగొట్టవద్దని తన తల్లి చెప్పిందని అంటుంది. గెలిచిన బేరాన్ని గెలిచిన క్షణంలోనే వదిలేస్తుంది.

నాటకం మొత్తం తిరిగేది ఈ ఒక్క చోట. అంతవరకు ఆమెను ఉంచుకునేవాళ్లు, వదిలేసేవాళ్లు, పంపేవాళ్లు అందరూ మగవాళ్లే. గిరీశం ఆమెను వదిలి పల్లెటూరికి పరారయ్యాడు, రామప్పంతులు ఆమెను తెచ్చుకుని ఇంట పెట్టుకున్నాడు. ఏడో అంకంలో మొదటిసారి ఒక మగవాడు ఆమె ముందు మాటకు కట్టుబడి నిలబడ్డాడు, ఆమె అతణ్ణి విడిచిపెట్టింది. ఆయన పుస్తకం ఇవ్వడం ఆ తరువాతి సంగతి. మధురవాణికి సౌజన్యారావు ఏం చేయాలి అన్న ప్రశ్నకు జవాబు ఈ స్థలంలోనే ఉంది, చెప్పింది మధురవాణి.

కుదించిన ప్రతుల్లో ఎక్కువగా పోయేది సరిగ్గా ఈ జవాబే. పూర్తి పాఠం ఒక్క రాత్రిలో ఆడి ముగించడం కష్టం. పోటీలలో అయితే ఇచ్చిన సమయం దాటితే కుదరదు. అందుకని ప్రాంప్టరు చేతిలోని ప్రతి మీద పెన్సిలు గీతలు పడతాయి. లుబ్ధావధాన్లు ఇల్లు, పూటకూళ్లమ్మ, గిరీశం ఉపన్యాసాలు నవ్వు తెప్పిస్తాయి కాబట్టి వాటిని ముట్టరు. చివరికి వచ్చేసరికి సమయం చాలదు. మగవేషం, ఖూనీ కేసు వివరం, బేరం, ముద్దు, ఆమె ఆపడం, తల్లి మాట అన్నీ నాలుగైదు వాక్యాలకు చేరతాయి. ముద్దు అన్న మాటను కుటుంబాలు కూర్చున్న సభలో పలకడానికి జంకు కూడా ఒక కారణమే అనుకుంటాను. ముద్దు పోతే దాన్ని ఆపడమూ పోతుంది. మిగిలేది ఏమిటి? ఒక అందమైన స్త్రీ, ఒక ఉత్తముడు, ఒక పవిత్ర గ్రంథం, ఇద్దరి మధ్య చెప్పకుండా ఉండిపోయిన ఏదో. ఇంత చూసిన ప్రేక్షకుడికి పెళ్లి ఒక్కటే కొరతగా కనిపించడం సహజం. దండ వేయించిన దర్శకుడు ఆ కొరతనే తీర్చాడు. ఆయన తప్పు ఆ చివరి నిమిషంలో లేదు, దానికి ముందు కొట్టేసిన పుటల్లో ఉంది.

మధురవాణిని ఇంటి ఆడపిల్లలా చూసుకోవడం వెనుక ఇంకో సంగతి ఉంది, అందులో నెల్లూరు వాటా ఉంది. 1955లో కన్యాశుల్కాన్ని సినిమాగా తీసిన దర్శకుడు పి.పుల్లయ్య నెల్లూరు మనిషి. గిరీశంగా ఎన్.టి.రామారావు, మధురవాణిగా సావిత్రి, సౌజన్యారావుగా గుమ్మడి. ఆ తరువాత తెలుగు వాళ్లకు మధురవాణి అంటే సావిత్రి కళ్లు, సావిత్రి నవ్వు. ఒక పెద్ద నటి ముఖం అతుక్కున్నాక పాత్ర కథానాయిక అయిపోతుంది, కథానాయికకు చివర్లో తాళి పడాలని కోరుకోవడం మన సినిమా చూసే అలవాటు. అంతకు ముందు ఆ అవకాశమే తక్కువ. ఆడ పాత్రలు మగవాళ్లు వేసిన కాలం అది. టంగుటూరి ప్రకాశం పంతులు చిన్నతనంలో ఒంగోలులో ఆడ వేషాలు కట్టిన సంగతి ప్రకాశం జిల్లాలో చాలామందికి తెలుసు. నెల్లూరులో వేదం వెంకటరాయ శాస్త్రి 1899లో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించిన రోజులూ అవే. అటువంటి వేదిక మీద ఏడో అంకాన్ని ఊహించుకోండి. ఆడ వేషంలోని మగవాడు మగవేషంలో వచ్చి, ఆ వేషం విప్పి ఆడదిగా నిలబడి, ముద్దు వద్దంటాడు. ఆ రోజుల్లో చూసినవాళ్ల కళ్లు ఆమె అందం కంటే ఆమె తెలివి మీదే ఎక్కువ నిలిచి ఉంటాయి.

భారతీయ నాటకంలో వేశ్యకు ముందు నుంచీ రెండే దారులు. ఒకటి ఇల్లాలు కావడం. మృచ్ఛకటికంలో వసంతసేనకు చివర కొత్త రాజు ఆర్యకుడు వధువు అనే గౌరవం ఇస్తాడు, ఆమె చారుదత్తుడి ఇంట చేరుతుంది. ఆ ఇంట్లో ధూత అనే ఇల్లాలు అప్పటికే ఉంది. రెండోది భక్తురాలు కావడం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో తిరునాళ్లకు ఏళ్ల తరబడి ఆడిన కాళ్లకూరి నారాయణరావు చింతామణిలో నాయిక ఆ దారినే పోయి కృష్ణభక్తిలో తేలుతుంది. (ఆ నాటకంలో ఒక పాత్ర తమ కులాన్ని కించపరుస్తోందన్న ఆర్యవైశ్యుల అభ్యంతరంతో దాని ప్రదర్శనను రాష్ట్ర ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. పాత నాటకంలోని పాత్ర కోసం మన దగ్గర పోట్లాట కొత్త కాదు.) గురజాడకు సంస్కృత నాటకం తెలియక కాదు, వసంతసేనకు దొరికిన ముగింపు మధురవాణికి ఇవ్వడం చేతకాక కాదు. గీత చేతికిచ్చి భక్తి దారి చూపించినట్టే చూపించి, ఆమెను అక్కడా దింపలేదు. ఇల్లాలినీ చేయలేదు. ఆమె ఎటు పోయిందో చెప్పకుండా వదిలేశారు.

ఎందుకు వదిలేశారో మొదటి కూర్పు పీఠికలోని లెక్క చెబుతుంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లను విజయనగరం మహారాజు ఆనందగజపతి లెక్క తీయిస్తే 1034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. ఈ నాటకంలో పెళ్లి అంటే అది. సుబ్బిని లుబ్ధావధాన్లుకు కట్టబెట్టే పెళ్లి ఆపడానికే మధురవాణి ఈ కథలో చేయి కలిపింది. చివర్లో బుచ్చమ్మను కూడా సౌజన్యారావు వెంటనే ఎవరికో ఇచ్చి చేయడు, చదువుకోవడానికి పూనాలోని విధవాశ్రమానికి పంపాలంటాడు. విధవా వివాహాన్ని మెచ్చిన రచయిత ఆ నాటకాన్ని ఒక్క పెళ్లితో కూడా ముగించలేదు. అక్కడికి సన్నాయి తెచ్చి ఊదించడం అంటే నాటకం మొదటి నుంచి కోసుకుంటూ వచ్చిన ముడిని చివర్లో మళ్లీ వేయడమే.

పెళ్లి కావాలనేవాళ్ల మాటలో న్యాయం లేదనను. వారు చెప్పేది ఇది. సంస్కర్త అన్నవాడు గీత ఇచ్చి పంపడం సులువు, చేయి పట్టుకోవడం కష్టం; 1909లో రచయిత చేయలేనిది ఈనాడు మనమైనా చేయాలి. వేశ్య అన్న ముద్రతో ఆమెను గడప బయటే నిలబెట్టడం ఈ కాలానికి చెల్లదు. దీనికి చరిత్ర అండ కూడా ఉంది. దేవదాసీ వృత్తిలోని కళావంతుల కుటుంబాల నుంచే వచ్చిన యామినీ పూర్ణతిలకం వంటివారు ఆడపిల్లలను గజ్జె కట్టించడం మానిపించి పెళ్లిళ్లు చేయించాలని తిరిగారు. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ 1947లో చట్టం వచ్చింది. ఆ స్త్రీలకు పెళ్లి అంటే నిజంగా ఒక హక్కు గెలుచుకోవడమే. అయితే ఆ ఉద్యమంలో అడిగింది ఆ స్త్రీలు. నాటకంలో దండ వేసే చేయి సౌజన్యారావుది, వేయించిన చేయి దర్శకుడిది. మధురవాణి నోట ఆ కోరిక పలికించే ఒక్క వాక్యం కూడా కొత్త ఘట్టంలో లేదు. ఆమె మౌనంగా తల వంచుకుంటుంది. ఏడు అంకాలు మాటతోనే బతికిన మనిషి, ఎంతటివాడినీ మాటతో కూర్చోబెట్టిన మనిషి, తన పెళ్లి దగ్గర మూగదైపోవడం నాకు మింగుడు పడలేదు.

నెల్లూరు వాళ్లకు ఈ విషయంలో బాధ్యత కాస్త ఎక్కువ. గురజాడ మీద ‘మహోదయం’ రాసిన కె.వి.రమణారెడ్డి ఈ జిల్లా మనిషి, కావలి జవహర్ భారతి కళాశాలలో పాఠం చెప్పినవారు. కన్యాశుల్కాన్ని మాట మాటా పట్టుకుని చదవడం ఇక్కడివాళ్లకు బయట నుంచి వచ్చి ఎవరూ నేర్పనక్కరలేదు.

చట్టపరంగా ఎవరికీ అడ్డు లేదు. గురజాడ 1915లో కన్నుమూశారు, నాటకం మీద కాపీరైటు గడువు ఏనాడో తీరిపోయింది. దాన్ని కుదించవచ్చు, పెంచవచ్చు, ముగింపు మార్చవచ్చు. అభ్యంతరం చెబుతున్న పెద్దలు కూడా ప్రదర్శన ఆపమనడం లేదు. వాళ్లు అడుగుతున్నవి రెండే. కరపత్రం మీద రచన గురజాడ అని వేసినప్పుడు ముగింపు మాత్రం బృందానిదని అదే పరిమాణం అక్షరాలతో వేయాలి. దండ వేసే ఘట్టం ఉంచుకున్నా సరే, దానికి ముందు ఆమె ముద్దును ఆపే మాటలు పూర్తిగా పలికించాలి. మొదటిదానికి బృందం ఒప్పుకునేలా ఉంది. రెండోదాని మీద ఇంకా మాటలు నడుస్తున్నాయి. ఆ మాటలు పలికిన తరువాత దండ ఎలా వేయించాలో తెలియడం లేదన్నది వారి ఇబ్బంది.