ఒకే సరస్సులో ఒకేలాంటి పురుగులు

జీవావరణ శాస్త్రవేత్త ఈవ్లిన్ హచిన్సన్, సిసిలీ ద్వీపంలోని పలెర్మో దగ్గర ఒక చిన్న మడుగులో తాను చూసిన రెండు రకాల కోరిక్సా నీటిపురుగుల గురించి 1959లో రాశారు. ఒకటి పెద్దది, మరొకటి చిన్నది. పెద్దదాని సంతానోత్పత్తి కాలం ముగుస్తుండగా చిన్నదానికి అప్పుడే మొదలవుతోంది. ఇంత దగ్గరి జాతులు ఒక్కచోట ఎలా ఇముడుతున్నాయన్న ప్రశ్నకు ఆయన పరిమాణంలో జవాబు వెతికి, పక్కపక్కనే బతికే జాతుల మధ్య సుమారు 1.3 రెట్ల తేడా ఉంటుందని సూచించారు. అదే నిష్పత్తి సంగీత వాయిద్యాల్లోనూ, వంట పెనాల్లోనూ కనిపిస్తుందని 1977లో హార్న్, మే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించాక ఆ అంకె బలం తగ్గింది గానీ, ప్రశ్న బలం తగ్గలేదు.

రెండు జాతులు స్థిరంగా కలిసి మనాలంటే, ప్రతి జాతి పెరుగుదలకూ ఎదుటి జాతికన్నా తన సొంత జాతివారే పెద్ద అడ్డంకి కావాలి. అప్పుడే బాగా తగ్గిపోయిన జాతి మళ్ళీ పుంజుకోగలదు.

ఈ సూత్రాన్ని పరీక్షించడానికి ఉత్తర అమెరికా సరస్సుల్లోని ఎనల్లాగ్మా తూనీగలు చక్కగా పనికివచ్చాయి. ఇవి సన్నని ఒంటితో, వాలినప్పుడు రెక్కలు వీపు మీద ముడుచుకునే రకం. వీటి పిల్లలు తోక చివర ఆకుల్లాంటి మూడు మొప్పలతో నీటిలో పెరుగుతాయి. చేపలున్న సరస్సుల్లోని జాతుల పిల్లలు శత్రువు ఎదురైతే కదలకుండా నక్కుతాయి, ఎందుకంటే ఈదడంలో చేపను మించడం వాటివల్ల కాదు. చేపలు లేని సరస్సుల్లో పెద్ద తూనీగల పిల్లలే వేటగాళ్ళు కాబట్టి, అక్కడి జాతులు వేగంగా ఈది తప్పించుకుంటాయి. ఒకచోట ప్రాణం కాపాడే గుణమే రెండోచోట ప్రాణాంతకం. వీటితో కలిసి బతికే ఇష్నూరా తూనీగల పిల్లలు త్వరగా పెరుగుతాయి, కానీ వేటగాళ్ళకు ఎక్కువగా చిక్కుతాయి. ఒక లాభానికి ఒక నష్టం చెల్లుకు చెల్లు అన్నమాట.

అసలు చిక్కు చేపల సరస్సుల్లోనే ఉంది. అక్కడ ఒకే తీరున దాక్కుని, ఒకే తిండి తినే ఎనల్లాగ్మా జాతులు ఎన్నో కలిసి ఉంటాయి. స్పష్టంగా కనిపించే తేడా మగ తూనీగ తోక చివరి పట్టుకారులో ఉంది: జత కట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకునే ఆ భాగపు ఆకారం జాతికొక రకం, దాని స్పర్శను బట్టే ఆడది తన జాతి మగవాణ్ణి గుర్తిస్తుంది. జాతులను వేరుగా నిలిపే ఈ తేడాకు తిండితోనూ శత్రువులతోనూ సంబంధం లేదు.

సీపియల్స్కీ, మెక్‌పీక్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగంలో రెండు ఎనల్లాగ్మా జాతుల పాళ్ళను రకరకాలుగా మార్చి చూసింది. మొత్తం పిల్లల సంఖ్య పెరిగితే వాటి ఎదుగుదల, మరణాలు ప్రభావితమయ్యాయి. కానీ గుంపులో ఏ జాతి ఎంత శాతమన్నది వాటిని మార్చలేదు. అరుదైన జాతికి దక్కవలసిన ఊతం ఇక్కడ కనిపించలేదు. అటువంటి జాతుల్లో కొన్ని కాలక్రమంలో యాదృచ్ఛికంగా కనుమరుగు కావచ్చు, కానీ జనాభా పెద్దదైనప్పుడు అది అత్యంత నెమ్మదిగా సాగుతుంది కాబట్టి, మనం చూసే సహజీవనంలో కొంత భాగం ఇంకా పూర్తికాని నిష్క్రమణే కావచ్చు.