"ఎక్స్‌రే నార్మలే కదా": పొగ, వేప్ మీద నేను రోజూ వినే అపోహలు

నేను తిరుపతిలో పీఎఫ్‌టీ టెక్నీషియన్ని, అంటే ఊపిరితిత్తులు ఎంత బాగా పనిచేస్తున్నాయో చూసే పరీక్ష చేస్తా. గొట్టం నోట్లో పెట్టించి "ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి" అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పడమే నా పని. మధ్యలో దగ్గొచ్చి ఊదలేక ఆగిపోయినోళ్లు కూడా ఈ మాటలే చెప్తారు, అందుకే రాస్తున్నా.

అపోహ: "ఎక్స్‌రే నార్మల్, ఇప్పటికీ అలిపిరి మెట్లెక్కి కొండకి పోతా ఉండాను, నాకేమైతాది సార్?"

3,550 మెట్లు ఎక్కడం మంచిదే. కానీ మనకి రోజూ కావాల్సిన దానికంటే ఊపిరితిత్తుల్లో సత్తువ చాలా ఎక్కువ ఉంటుంది, అందుకే కొంత పోయినా ఏళ్ల తరబడి తెలీదు, ఆయాసం తెలిసేసరికే చాలా పోయుంటుంది. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఊపిరాడని దీర్ఘకాలిక జబ్బు) మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. మేం చూసేది మొదటి సెకనులో ఎంత గాలి బయటికి ఊదగలరు అని. 30 దాటినాక పొగ తాగనోళ్లకి కూడా అది ఏటా సుమారు 25-30 మిల్లీలీటర్లు తగ్గుతుంది, పొగ పడని ఒళ్లయితే తాగేవాళ్లకి దాదాపు రెట్టింపు తగ్గుతుంది. పోయింది తిరిగి రాదు, కానీ మానేస్తే ఆ తగ్గే స్పీడు తాగనోళ్ల లెక్కకి దగ్గరికొస్తుంది. ఎప్పుడు మానేసినా మిగిలింది మనదే.

అపోహ: "మానేసినాకే దగ్గు ఎక్కువైంది, ఒకటి కాలిస్తే తగ్గతా ఉండాది"

నాకు ఎక్కువ బాధేసేది ఇదే, ఎందుకంటే మూడు వారాలు కష్టపడి మానేసిన పెద్దాయన ఈ ఒక్క కారణంతో మళ్లీ బీడీ కట్ట కొన్నాడు. శ్వాసనాళాల్లో కళ్లెని ఊడ్చి పైకి తోసే సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి, పొగ వాటిని పడుకోబెడుతుంది. మానేయగానే అవి లేచి పని మొదలుపెడతాయి, అందుకే కొన్ని వారాలు కళ్లె, దగ్గు. అది బాగుపడుతున్న దగ్గు. అలాగని ప్రతి దగ్గూ అదేలే అనుకోవద్దు, రెండు వారాలు దాటినా తగ్గకపోతే, కళ్లెలో రక్తం పడితే మాత్రం ఇంట్లో కూర్చోవద్దు, టీబీ పరీక్ష చేయించుకోండి.

బీడీ ఆకే కదా అంటారు. తునికాకులో గాలి ఆడదు, ఆరిపోకుండా ఉండాలంటే గబగబా ఎక్కువ సార్లు పీల్చాలి. తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే తక్కువేం కాదు, ఎక్కువే.

"టీతో రోజుకి ఒక్కటే" అనేవాళ్లకి: 20 తాగేవాళ్లకి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఆ ఒక్కదానితోనే వస్తుంది.

ఇక వేప్, అంటే ఈ-సిగరెట్. కాలేజీ పిల్లలు "అది ఆవిరే అన్నా" అంటారు. నీళ్ల ఆవిరి కాదు, నికోటిన్, గ్లిజరిన్, ఫ్లేవర్లు వేడెక్కి లేచే సన్నటి తుంపర. కాలడం లేదు కాబట్టి సిగరెట్ కంటే విషాలు తక్కువ, అది నిజమే, కానీ సిగరెట్ ముట్టని పిల్లోడికి అది కొత్త వ్యసనం. 2019-20లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువ కేసుల్లో కారణం గంజాయి లిక్విడ్‌లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్. మన దేశంలో 2019 నుంచే ఈ-సిగరెట్ అమ్మకం నిషేధం, చాటుగా దొరికే దాంట్లో ఏం కలిపారో చూసే దిక్కే లేదు.

మానేయాలనుకుంటే 1800-11-2356కి చేయండి, ఫ్రీ. ఇక మా దగ్గరికి టెస్టుకి వచ్చేవాళ్లు కనీసం గంట ముందు నుంచి పొగ తాగకండి, రీడింగ్ తప్పొస్తుంది.