తప్పు చదువుతానన్న భయంతో నమాజ్ మానేసిన అక్కచెల్లెళ్లకు: అపోహలు, వాస్తవాలు

"ఆపా, నాకు తజ్వీద్ (ఖురాన్‌ను సరిగ్గా పలికే పద్ధతి) రాదు. తప్పు చదివితే ఖురాన్ శపిస్తుందట కదా. అందుకే నమాజే మానేశాను."

కోనసీమలో ఆడవాళ్లకు ఖురాన్ నేర్పబట్టి నాకు 14 ఏళ్లు. ఈ మాట వినని నెల లేదు. చెప్పేటప్పుడు వాళ్ల గొంతు వణుకుతుంది. ఆ మాటను వాళ్ల చెవిన వేసినవాళ్ల మీద మాత్రం నాకు పట్టరాని కోపం వస్తుంది.

"ఖురాన్ శపిస్తుంది" అనే ఆ మాట ప్రవక్త (స) హదీసుగా, అంటే ఆయన చెప్పిన మాటగా, రుజువైనది కాదు. దాన్ని వివరించిన పెద్దలు కూడా ఖురాన్ చదువుతూనే జులుం చేసేవాళ్ల గురించీ, అబద్ధాలాడేవాళ్ల గురించీ చెప్పారు. నాలుక తిరగని ఆడమనిషి గురించి కాదు. ఆమె గురించి వచ్చిన హదీసు వేరే ఉంది. బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఆయిషా (రజి) చెప్పినదే: ఖురాన్ బాగా వచ్చినవారు గౌరవనీయులైన దైవదూతల తోడుగా ఉంటారు, తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండు పుణ్యాలు. చదివినందుకొకటి, పడ్డ కష్టానికొకటి. ఇంత మాట మనకోసం ఉండగా ఎవరో భయపెట్టారని ముసల్లా (నమాజ్ చాప) మడిచి అటకెక్కిస్తామా?

తజ్వీద్ అక్కర్లేదని నేననను. ఖల్బ్ అంటే హృదయం. అందులో ఖాఫ్‌ను కాఫ్‌గా పలికితే కుక్క అవుతుంది. కాబట్టి నేర్చుకోవాలి. నేర్చుకుంటూ చదవాలి, చదవడం ఆపి కాదు. తెలుగు అక్షరాల్లో అచ్చేసిన సూరాలు (ఖురాన్ అధ్యాయాలు) కూడా మొదట్లో ఆసరాకే. అరబీలో సా, సీన్, సాద్ మూడు అక్షరాలు. తెలుగులో మూడింటికీ ఒకటే 'స'. రెండు రకాల హా ఉంటే మనకున్నది ఒక్క 'హ'. పుస్తకం చూసి ఈ తేడా పట్టుకోలేరు, చెవితో వినాల్సిందే.

ఇంకో సంగతి. తెలుగువాళ్ల నోటికి అరబీ రాదన్నది వట్టి మాట. అరబీ అచ్చుల గుర్తుల్లో జబర్ అంటే తలకట్టు, జేర్ అంటే గుడి, పేష్ అంటే కొమ్ము అనుకోండి. 'అమ్మ'లో ఉన్న ద్విత్వమే తష్దీద్. హ్రస్వదీర్ఘాలు చిన్నప్పటి గుణింతంలోనే వచ్చేశాయి, దీర్ఘం తీసే మద్ద్‌లో సగం పని అక్కడే అయిపోయింది. మనకొచ్చే అసలు చిక్కు చివరి అక్షరంతోనే. బస్‌ను బస్సు, కార్‌ను కారు చేసుకున్న నాలుక మనది, 'ఆలమీన్'ను 'ఆలమీను' చేస్తుంది. పది రోజులు నా ఎదురుగా కూర్చుంటే పోతుంది.

కువైట్‌లో చాలా ఏళ్లు ఇంటిపని చేసి వచ్చిన అక్క ఒకామె ఉంది. అక్కడి పిల్లలతో అరబీలో గడగడా మాట్లాడిన మనిషికి అలిఫ్ గుర్తుపట్టడం రాదు. చిన్నపిల్లల వెనక, గుమ్మం పక్కన కూర్చునేది, ఖాయిదా (అరబీ అక్షరాలు నేర్పే మొదటి పుస్తకం) కొంగు కింద పెట్టుకుని. ఎనిమిది నెలలకు సూరా ఖురైష్‌కు వచ్చాం. 'రబ్బ హాజల్ బైత్' దగ్గర ఆగిపోయింది. "బైత్ అంటే ఇల్లే కదా ఆపా! రోజూ నేను తుడిచిన మాట." అవును, ఈ ఇంటి ప్రభువును ఆరాధించమని, అక్కా, అన్నాను. తర్వాతి ఆయత్‌లో ఆకలికి అన్నం పెట్టినవాడు, భయం నుంచి కాపాడినవాడు అని ఉంది. అది చెప్పేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు పాఠం అంతటితో ఆగింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ప్రవక్త (స) సహచరుడు బిలాల్ (రజి)కి 'షీన్' అక్షరం పలకదనే కథకు ఆధారం లేదని హదీసు పండితులే తేల్చారు, ఓదార్పు కోసమైనా అది చెప్పకండి. సఫర్ నెల అశుభం కాదు, ఆ నమ్మకాన్ని ప్రవక్తే (స) కొట్టేశారు. 'పదిమందికి పంపకపోతే కీడు' అని వాట్సాప్‌లో వచ్చేవి చదవకుండా తీసేయండి. నమాజ్ లోపల చదివేది అరబీలోనే, బయట దుఆ (వేడుకోలు) మాత్రం తెలుగులో కడుపునిండా చేసుకోండి, అల్లాహ్‌కు మన భాష కొత్త కాదు. రొయ్యల షెడ్డు నుంచి వచ్చారా? వాసన నజాసత్ (అశుద్ధం) కాదు. మనం పాటించే హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో చేప నెత్తురూ కాదు. చేతులు కడిగి వుజూ (నమాజ్‌కు ముందు చేసే శుద్ధి) చేసుకుని నిలబడండి. వేసుకునే నగలకు జకాత్ (తప్పనిసరి దానం) లేదనుకోవద్దు, హనఫీలో ఉంది. ఉన్నది బంగారం ఒక్కటే అయితే 87.48 గ్రాములకు చేరి చాంద్రమాన సంవత్సరం గడిచాక నూటికి రెండున్నర. చేతిలో డబ్బు కూడా ఉంటే లెక్క మారుతుంది, తూకం చీటీతో రండి.

నమాజ్‌లో చదివే ఖురాన్ మొదటి సూరా ఫాతిహా కూడా రానివాళ్లు ఈ రోజు ఏం చేయాలి? నాకు ఖురాన్ ఏమీ పట్టుబడడం లేదని ఒకాయన వచ్చి చెప్పుకుంటే, సుబ్‌హానల్లాహ్, అల్‌హందులిల్లాహ్, లా ఇలాహ ఇల్లల్లాహ్, అల్లాహు అక్బర్, లా హౌల వలా ఖువ్వత ఇల్లా బిల్లాహ్ అని చెప్పుకోమన్నారు ప్రవక్త (స). హదీసు గ్రంథం అబూదావూద్‌లో ఉంది. వాటితో ఈ పూటే నిలబడండి. ఫాతిహా ఏడు ఆయతులే, రోజుకొకటి పట్టండి. నా దగ్గరికి రావడానికి సిగ్గయితే మీ అమ్మాయి ఖాయిదా ఇంట్లోనే ఉంటుంది కదా. ఇషా (రాత్రి నమాజ్) అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి పేజీ దాని చేతే చెప్పించుకోండి.