ఎలుక పాదం చెప్పిన సగం కథ

కుష్టు సర్వే బృందాలు ఇల్లిల్లూ తిరిగినప్పుడల్లా విశాఖలో ఒక మాట లేస్తుంది: “ఆ బిళ్లలు మింగితే ఒంట్లో నిరోధక శక్తి పోద్దట, ఎలకల మీద తేలిందట.” ఈసారి అది రోగి ఇంట్లోవాళ్లకు ముందుజాగ్రత్తగా ఇచ్చే ఒక్క మోతాదు రిఫాంపిసిన్ అనే మందు మీద పడింది.

ఊరికే పుట్టిన పుకారు కాదిది. జంతువుల్లో రిఫాంపిసిన్ రోగనిరోధక స్పందనను అణచిందని 1970లో ‘నేచర్’ పత్రిక ప్రచురించింది. ప్రచారంలో ఉన్నది ఆ సగమే.

మిగతా సగం అంతకు నాలుగేళ్ల ముందుది. కుష్టు క్రిమి గాజు పాత్రలో పెరగదు. 1960లో షెపర్డ్ అనే పరిశోధకుడు దాన్ని ఎలుక పాదంలో పెంచగలిగాడు గానీ కొంత దూరం పెరిగి ఆగిపోయేది, ఎలుక ఒళ్లే దాన్ని ఆపేది. 1966లో లండన్‌లో రీస్ అనే మరో పరిశోధకుడు ఎలుకల్లో నిరోధక కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి తీసేసి, రేడియేషన్ ఇచ్చి, ఆ నిరోధక శక్తినే దెబ్బతీశాడు. అప్పుడు క్రిమి పట్టపగ్గాల్లేకుండా పెరిగింది. నా దృష్టిలో మలుపు ఇదే. ఎందుకంటే తర్వాత నిరోధక శక్తి లేని అలాంటి జంతువులకే మందులిచ్చి చూస్తే, క్రిములు అక్కడా చచ్చాయి. అంటే చంపే పని మందుదే, ఒంటి శక్తి అప్పు తెచ్చుకుని చేసేది కాదు. ఎక్కడో కొన్ని మొండి క్రిములు మిగిలాయి. ఒక్క మందును నమ్ముకోకూడదనడానికి అదీ ఒక కారణం.

ఇక మోతాదు. పెద్దవాళ్ల కుష్టు చికిత్స ప్యాకెట్‌లో రిఫాంపిసిన్ 600 మిల్లీగ్రాములు, నెలకోసారి. రోజూ వేసేవి డాప్సోన్, క్లోఫాజిమిన్ అనే వేరే మందులు. క్షయ రోగులైతే రిఫాంపిసిన్‌ను నెలల తరబడి మింగుతున్నారు, దశాబ్దాలుగా.

భయానికి అసలు మూలం ఎలుకలు కావని నా అనుమానం. మందు మొదలెట్టాక కొందరికి మచ్చలు ఎర్రబడి వాస్తాయి, నరాలు లాగుతాయి. దాన్నే రియాక్షన్ అంటారు. చూసేవాళ్లకు మందు వికటించినట్టే ఉంటుంది. కానీ క్రిమి శకలాల మీద ఒళ్లు తిరగబడటమే అది. శక్తి తగ్గడం కాదు, అదుపు తప్పడం. దాన్ని చల్లార్చడానికి ప్రెడ్నిసలోన్ ఇస్తారు, నిరోధక శక్తిని నిజంగా తగ్గించేది ఆ మాత్ర. ఆ చెడ్డపేరు మొత్తం బిళ్లలకు అంటింది.

క్లోఫాజిమిన్‌ది మరో రకం. 1950లలో డబ్లిన్‌లో క్షయ కోసం తయారైన రంగు పదార్థం. ఎలుకల్లో అది క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. వాపునూ తగ్గిస్తుంది, కొన్ని రియాక్షన్లలో పనికొచ్చేది అందుకే. చర్మం నల్లబడటం మాత్రం దాని లెక్కలోదే. ఆ ఫిర్యాదు నిజం. దాన్ని తేలిగ్గా తీసేసిన సిబ్బంది తప్పూ ఇందులో ఉంది.

బంగ్లాదేశ్‌లో రోగుల సన్నిహితులు 21,711 మందితో జరిగిన పరీక్ష ఫలితం 2008లో వెలువడింది. ఒక్క మోతాదు రిఫాంపిసిన్ తొలి రెండేళ్లలో కొత్త కేసులను 57 శాతం తగ్గించింది, ఆ తర్వాత అదనపు లాభం కనిపించలేదు. ఇంట్లోవాళ్లకు ఇప్పుడు ఇస్తున్నదీ ఆ ఒక్క మోతాదే. అందులో క్లోఫాజిమిన్ లేదు, కాబట్టి నల్లబడతామా అని అడిగితే లేదనే చెప్పాలి.